దారం మీద చుక్క, దారిన పోయే గాలి

రండర్రా పిల్లలూ, ఇలా వెలుతుర్లోకి రండి. గేలానికి కట్టే నైలాన్ దారం మూరెడు తెచ్చి రెండు మేకుల మధ్య బిగించాను. వేళ్లకు ఆముదం రాసుకుని దారం పొడవునా ఇలా లాగుతున్నా, చూడండి. మొదట నున్నగా పరుచుకుందా? ఇప్పుడు అక్కడక్కడా ఉబ్బుతోంది. అదుగో, ఇంచుమించు సమాన దూరాల్లో పూసలు గుచ్చినట్టు బొట్లు నిలిచాయి!

ఎవరు గుచ్చారంటారా? తలతన్యత. ద్రవం తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది. సన్నటి పొడవాటి పూతకన్నా గుండ్రటి బొట్లకు ఉపరితలం తక్కువ. అందుకే పూత తెగి బొట్లవుతుంది. ద్రవపు ధార పొడవు దాని చుట్టుకొలతను మించితే ఇక నిలవదని లెక్క తేల్చినవాడు బెల్జియం శాస్త్రవేత్త ప్లాటో. 1873లో దీని మీద ఆయన పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయనకు చూపు లేదు. పక్కవాళ్లు ప్రయోగం చేసి చెబుతుంటే మనసులోనే చూసేవాడు.

ఇప్పుడు దారం వెంట గట్టిగా ఊదు చిన్నా. పెద్ద బొట్టు ముందు కదిలింది చూశావా? గాలికి ఎక్కువగా ఎదురు నిలిచేది అదే మరి. దారిలో చిన్నవాటిని కలుపుకుని లావెక్కుతోంది. బరువు దారం పట్టును మించిందా, టప్పున రాలుతుంది. ఇంకో వింత. గాలి అడ్డంగా వీచినా బొట్టు దారం వెంటే పరుగెత్తుతుందని 2019లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపించారు. బొట్టు వెనక సుళ్లు తిరిగే గాలి రెండు పక్కలా సమంగా ఉండదు. ఆ తేడాయే దాన్ని నెడుతుంది.

ఇలాంటి దారాలతోనే నీళ్లు పట్టిన చుంగుంగో అనే ఎడారి పల్లె చిలీ దేశంలో ఉంది. 1990లలో అక్కడ కొండమీది వలలతో పొగమంచు నుంచి రోజుకు సగటున 15,000 లీటర్ల నీళ్లు పట్టుకున్నారు. సముద్రం మీంచి వచ్చే పొగమంచు వల దగ్గరికి రాగానే గాలి దారం చుట్టూ మలుపు తిరిగి తప్పుకుంటుంది. అందులోని నీటి తుంపర అంత చప్పున మలుపు తిరగలేక దారానికి గుద్దుకుంటుంది. దారం ఎంత సన్నమైతే మలుపు అంత ఇరుకు, తుంపర చిక్కడం అంత సులువు. తర్వాత కథ మన ఆముదం బొట్టుదే: కలవడం, లావెక్కడం, జారడం. గాలి మరీ విసురుగా ఉంటే మాత్రం చిక్కిన చుక్కల్ని మళ్లీ ఎగరేసుకుపోతుంది.

“మరి మన మన్యం కొండల్లోని లంబసింగిలో వల కడదామా తాతయ్యా?” అంటావా? అక్కడి శీతాకాలపు మంచు ఎక్కువగా గాలి కదలని రాత్రుల్లో కమ్ముకునేది. వల కట్టగలం గానీ బుజ్జీ, దానిదాకా నీళ్లు మోసుకొచ్చే గాలిని ఎక్కణ్ణుంచి తెస్తాం?