జీతం లేని కొలువు... తిట్లు మాత్రం బోలెడు!

కమిటీ అనగానే మీకు ముందు గుర్తొచ్చేది వినాయక చవితి పందిరే కదూ! చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడొకడు, మైకు సెట్టు వాడితో బేరమాడేవాడొకడు, నిమజ్జనం నాటికి లెక్క తేలక తిట్లు తినేవాడొకడు. జీతం లేదు, బత్తెం లేదు. అయినా మరుసటేడు మళ్ళీ వాళ్ళే!

మన చిత్రపరిశ్రమలో కూడా అచ్చం ఇలాంటి కమిటీలే ఉన్నాయి. మీరు మొదటి రోజు మొదటి ఆటకి లైన్లో నుంచుని చొక్కా చింపుకునే లోపే, ఆ టిక్కెట్టు ఎంతుండాలి, వచ్చిన డబ్బులో థియేటరుకెంత, పంపిణీదారుకెంత, నిర్మాతకెంత అని గంటల తరబడి వాదించుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఫోటోలు మన పేజీల్లో పడవు. పడినా మీరు పేజీ తిప్పేస్తారు. (నిజం చెప్పండి!) అందుకే ఈ వారం తారల సంగతులు కాస్త పక్కన పెట్టి వీళ్ళ గురించి రాస్తున్నాను.

కాకినాడ నుంచే ఎందుకు మొదలెట్టాలీ అంటే, ఈ ఊళ్ళో ఒక రోడ్డుకి రోడ్డే సినిమా పేరు పెట్టుకుంది. సినిమా రోడ్డు అంటే రిక్షావాడి దగ్గర్నుంచి కలెక్టరాఫీసు గుమాస్తా దాకా అందరికీ తెలుసు. పైగా సినిమా వ్యాపారంలో మన రాష్ట్రాల భూగోళమే వేరు! నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు... ఇవీ వాళ్ళ జిల్లాలు. ప్రభుత్వం జిల్లాల్ని ఎన్ని ముక్కలు చేసినా, 2022లో కాకినాడని వేరే జిల్లా చేసినా, సినిమా వాళ్ళకి మాత్రం కాకినాడ ఇప్పటికీ 'ఈస్టే'. ఆ ఈస్టులో 2025 వేసవిలో రేగిన ఒక చిన్న రగడ హైదరాబాదు ఫిలిం ఛాంబర్ దాకా పాకి, చివరికి పెద్ద కమిటీకి దారి తీసింది.

ఆ రగడ ఏమిటో చెప్పే ముందు ఛాంబర్ సంగతి రెండు ముక్కలు. తెలుగు ఫిలిం ఛాంబర్ అంటే హీరోల సంఘం కాదు. నాలుగు రకాల వాళ్ళు అందులో సభ్యులు: నిర్మాతలు, పంపిణీదారులు, ప్రదర్శకులు, స్టూడియోల వాళ్ళు. అధ్యక్ష పదవి ఒక్కరి సొత్తు కాకుండా ఈ వర్గాల మధ్య వంతులవారీగా తిరుగుతుంది. 2023లో నిర్మాతల వంతు వచ్చినప్పుడు దిల్ రాజు, 2024లో పంపిణీదారుల వంతులో భరత్ భూషణ్ ఎన్నికయ్యారు. కింద కమిటీల్లో కూర్చునేవాళ్ళకి అదే వృత్తి కాదు. ఒకరికి సినిమా నిర్మాణంలో ఉంటుంది, ఇంకొకరికి నాలుగు థియేటర్లు ఉంటాయి. తమ పని మానుకుని వచ్చి పక్కవాడి తగువు తీర్చాలి.

ఈస్టు ప్రదర్శకుల్లో పాతకాపు ఒకాయన్ని ఇదే అడిగాను. "పేరు మటుకు వెయ్యొద్దండీ బాబూ" అని ముందే మాట తీసుకున్నారు.

"మీటింగుకి వెళితే ఏమిస్తారండీ?" అన్నాను.

"టీ ఇస్తారండీ" అన్నారు నవ్వుతూ. "రాత్రి గౌతమి ఎక్కాలి, పొద్దున్నే దిగాలి, సాయంత్రం దాకా అరుచుకోవాలి, మళ్ళీ గౌతమి ఎక్కాలి. టిక్కెట్టు డబ్బులు మనవేనండి. ఇంటికొచ్చాక మా ఆవిడ, 'ఈ మాటు ఏం తెచ్చారండీ' అని అడుగుతుంది. గొంతు బొంగురు తెచ్చానే అంటాను!"

"మరి ఎందుకు వెళ్ళడం?"

"వెళ్ళకపోతే మన తరఫున ఇంకోడు సంతకం పెట్టేస్తాడండీ!"

ఈ చివరి మాటలో ఉంది అసలు కిటుకంతా.

సరే, 2025 రగడ. మీకు అర్థమయ్యేట్టు చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. థియేటరుకి డబ్బు వచ్చే దారులు రెండు. ఒకటి అద్దె: హాలు నిండినా ఎండినా వారానికింత అని పంపిణీదారు ఇచ్చేస్తాడు. రెండోది పర్సంటేజీ: వసూలైన దాంట్లో ఇంత వంతు. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. ఒక హాలుకి వారం అద్దె లక్ష రూపాయలనుకోండి. పెద్ద హీరో బొమ్మ పడి మొదటివారం ఎనిమిది లక్షలు వచ్చింది. హాలు యజమానికి దక్కేది ఆ లక్షే. రెండోవారం జనం పల్చబడి లక్షన్నరకి దిగింది. అప్పుడు, "ఇకనుంచి పర్సంటేజీ మీద ఆడించు" అంటాడు పంపిణీదారు. అంటే పాయసం ఉన్నప్పుడు గరిటె ఆయనది, గిన్నె అడుగంటాక గరిటె మనదీ అన్నమాట! ప్రదర్శకుల ఫిర్యాదు ఇదే. మల్టీప్లెక్సులకి మొదటి రోజు నుంచీ పర్సంటేజీ ఇస్తున్నప్పుడు మా ఒంటి తెర హాళ్ళు ఏం పాపం చేశాయని వాళ్ళ ప్రశ్న.

పంపిణీదారు పక్షం కూడా వినాలి కదా. బొమ్మని లక్షలూ కోట్లూ పోసి కొన్నది ఆయన. మొదటి మూడు రోజుల్లో రాబట్టుకోలేకపోతే నాలుగో రోజుకి ఓటీటీ ఎప్పుడొస్తుందా అని జనం ఇంట్లో కూర్చుంటున్నారు. ఆయన గుండెదడ ఆయనది.

ఈస్టులో మొదలైన ఈ మాట ఊరూరా పాకి, జూన్ 1 నుంచి హాళ్ళు మూసేస్తాం అనేదాకా వెళ్ళింది. దాని మీద రాజకీయ దుమారం కూడా లేచింది. అదంతా దినపత్రికల్లో చదివే ఉంటారు. ఛాంబరులో సమావేశాలు జరిగి, మూసివేత లేదని మే నెలాఖరులోనే తేల్చారు. సమస్యని మాత్రం ఒక కమిటీకి అప్పగించారు. నిర్మాతలూ పంపిణీదారులూ ప్రదర్శకులూ, మూడు వర్గాలకీ సమానంగా చోటిచ్చి మొత్తం 30 మంది!

30 మంది ఉన్న కమిటీ తొందరగా తేలుస్తుందా అంటే నాకు అనుమానమే. పది మంది కూర్చుంటే పని, ముప్పై మంది కూర్చుంటే పెళ్ళి అంటారు. కానీ తగ్గిస్తే ఎవరిని తగ్గిస్తారు? ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రోజుల్లో ఒకే మనిషి సినిమా తీస్తాడు, తనే పంచుతాడు, తన చేతిలోని హాళ్ళలో తనే ఆడిస్తాడు. అలాంటాయన కమిటీలో ఏ కుర్చీలో కూర్చుంటాడు? కాకినాడలో ఒక్క హాలు నడుపుకునేవాడికీ, వంద హాళ్ళు లీజుకి తీసుకున్నవాడికీ సభ్యత్వం ఒకటే అయినా గొంతు ఒకటి కాదు. సేవ చేస్తున్నవాళ్ళని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ ఒక్కటీ ఎవరూ పైకి అనడం లేదు గనుక నేనంటున్నాను.

అసలు ఊరికే పనిచేసే ఈ జబ్బు కాకినాడకి కొత్తది కాదులెండి! ఇక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ పేరు విన్నారా? సరదా కోసం నాటకాలాడుకునే ఔత్సాహికుల సమాజం. అందులోంచి వెండితెరకి వెళ్ళినవాళ్ళ పేర్లు వింటే కళ్ళు తిరుగుతాయి. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి! తెర కట్టేవాడు, హార్మోనియం మోసేవాడు, టిక్కెట్లు అంటగట్టేవాడు... వీళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఘటోత్కచుడు మాత్రం మనకి మిగిలాడు.

మళ్ళీ అసలు విషయానికి వద్దాం. కమిటీ గట్టిగా పనిచేసిన సందర్భం కావాలంటే 2018 మార్చి చూడండి. రీళ్ళ డబ్బాలు పోయి క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి డిజిటల్ కంపెనీలు వచ్చాక, హాల్లో బొమ్మ వేసినందుకు నిర్మాత ఆ కంపెనీలకి వారం వారం రుసుము కడుతున్నాడు. యంత్రాల ఖర్చు రాబట్టుకునేందుకు పెట్టిన రుసుము అది. హాలీవుడ్‌లో కొన్నేళ్ళకి ఎత్తేశారు, ఇక్కడ ఎందుకు ఎత్తరు అని దక్షిణాది నిర్మాతలంతా ఒక్కటయ్యారు. సంయుక్త కార్యాచరణ కమిటీ పెట్టి మార్చి 2 నుంచి కొత్త బొమ్మలు ఇవ్వడం ఆపేశారు. తెలుగునాట వారం రోజుల్లోపే రాజీ కుదిరి మళ్ళీ ఆటలు పడ్డాయి. రుసుము పూర్తిగా పోయిందా అంటే పోలేదు. కాస్త తగ్గింది. కమిటీల విజయాలన్నీ ఈ 'కాస్త'లోనే ఉంటాయి!

టిక్కెట్టు ధరల పోరాటం మీ అందరికీ తెలిసిందే. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 35వ నెంబరు జీవో ఇచ్చింది. పంచాయతీల్లోని మామూలు హాళ్ళలో కింది తరగతి టిక్కెట్టు 5 రూపాయలు! కాకినాడ లాంటి కార్పొరేషన్‌లో ఏసీ లేని హాలుకి 20, 40, 60. మనకి సంబరమే. కరెంటు బిల్లు కట్టేవాడికి గుండెపోటు. ఆ డిసెంబరులో గోదావరి జిల్లాల్లో చాలామంది స్వయంగా హాళ్ళకి తాళాలు వేసుకున్నారు. ప్రభుత్వం 13 మందితో కమిటీ వేస్తే అధికారుల పక్కన పరిశ్రమ ప్రతినిధులు, ప్రేక్షకుల తరఫు మనిషి కూడా కూర్చున్నారు. 2022 మార్చి 7న కొత్త జీవో వచ్చి, కనీస ధర 20కి, గరిష్ఠం 250కి చేరింది. ఆ మధ్య నెలల్లో లెక్కల కాగితాలు మోసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళలో హాలు యజమానులే ఎక్కువ. జనం దృష్టిలో మాత్రం వాళ్ళు టిక్కెట్టు పెంచిన దుర్మార్గులు!

టైటిళ్ళ తగవులు ఇంకో వినోదం. పేరు ముందు ఎవరు రిజిస్టరు చేయించుకున్నారన్నదే లెక్క. 2010లో త్రివిక్రమ్ తీసిన 'ఖలేజా' ముందు హీరో పేరు చేరి 'మహేష్ ఖలేజా' అయింది ఇలాంటి పేచీ వల్లే. పైరసీ మీద నిఘాకి ఛాంబరులోనే ప్రత్యేక విభాగం ఉంది. 2013లో 'అత్తారింటికి దారేది' విడుదలకి ముందే సగం బయటికొచ్చినప్పుడు అభిమానులు సైతం సీడీల షాపుల మీద కాపలా కాశారు. సభ్యత్వ కార్డు లేని వాలంటీర్లు!

ఇక కరోనా. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోగానే చిరంజీవి ముందు నిలబడి 'కరోనా క్రైసిస్ చారిటీ' పెట్టారు. తొలి విరాళం కోటి రూపాయలు ఆయనదే. సురేష్‌బాబు, తమ్మారెడ్డి భరద్వాజ, సి. కల్యాణ్, దర్శకుడు ఎన్. శంకర్ లాంటివాళ్ళు కమిటీలో ఉండి కార్మికుల ఇళ్ళకి బియ్యం, పప్పు, నూనె మూటలు పంపించారు. మరుసటేడు 45 ఏళ్ళు దాటిన సినీ కార్మికులకీ, సినిమా విలేకరులకీ టీకాలు వేయించారు. కమిటీ అంటే ఇలా ఉండాలి అనిపించింది. మూట ముందు, మీటింగు తర్వాత.

అయితే ఆ సాయం వెళ్ళింది 24 శాఖల వాళ్ళకి. కెమెరా, మేకప్, లైట్లు, ఫైట్లు, డాన్సులు అన్నీ ఉన్న ఆ జాబితాలో ప్రొజెక్టర్ ఆపరేటర్ లేడు, బుకింగ్ గుమాస్తా లేడు, మీ టిక్కెట్టు చింపి ఇచ్చే గేటు మనిషి లేడు, ఇంటర్వెల్లో సమోసాలమ్మే కుర్రాడు లేడు. హాళ్ళు నెలల తరబడి మూతపడ్డప్పుడు వీళ్ళకి దిక్కు వాళ్ళ వాళ్ళ యజమానులే. మంచి యజమాని దొరికినవాడికి సగం జీతం, దొరకనివాడికి పొలం పనో, తోపుడు బండో. ఛాంబరులో యజమానులకి కుర్చీ ఉంది, ఫెడరేషన్‌లో షూటింగు కార్మికులకి కుర్చీ ఉంది.

కాకినాడ పెద్దాయన్ని ఈ మాట కూడా అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. హాలు బయట మధ్యాహ్నం ఆటకి బెల్లు మోగుతోంది. "మా ఆపరేటరు ముప్ఫై ఏళ్ళ నుంచీ ఉన్నాడండీ. ఈసారి మీటింగులో అడుగుతానండి. వింటారో, వినరో!" అన్నారు.