పతకాల పట్టిక – మన మైదానం

జాతీయ క్రీడలు జరిగిన రోజుల్లో పేపరు చేతికి రాగానే మనలో చాలామంది చూసేది ఒకటే. పతకాల పట్టికలో మన రాష్ట్రం ఎన్నో స్థానంలో ఉంది? కింద ఎక్కడో కనిపిస్తే, "మనోళ్ళకు ఆటలు రావు తియ్యి" అని ఒక మాట అనేసి పేజీ తిప్పేస్తాం. ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ముందు ఆ పట్టిక సంగతి తెలియాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ఈ పోటీలు 1924లో 'ఇండియన్ ఒలింపిక్ గేమ్స్' అనే పేరుతో మొదలైనవి. ఆ ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కు పంపదగిన క్రీడాకారులను ఎన్నుకోవడం అప్పటి ఉద్దేశం. దీని వెనుక దొరాబ్జీ టాటా కృషి ఉంది. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడినప్పుడు ఆయనే మొదటి అధ్యక్షుడు. 1940లో బొంబాయిలో జరిగిన పోటీలతో 'జాతీయ క్రీడలు' అనే పేరు వచ్చింది. ఒలింపిక్స్ తరహాలో నడిచే ఇప్పటి రూపం మాత్రం 1985 న్యూఢిల్లీ క్రీడలతో వచ్చింది. ఇందులో రాష్ట్రాలూ, కేంద్రపాలిత ప్రాంతాలూ పోటీ పడతాయి. వీటితో పాటు త్రివిధ దళాలకు కలిపి 'సర్వీసెస్' అనే జట్టు ఒకటి ఉంటుంది.

ఇక పట్టికలోని తమాషా చూడండి. 1987లో క్రీడలు కేరళలో జరిగితే కేరళ మొదట నిలిచింది. 1994లో మహారాష్ట్రలో జరిగితే మహారాష్ట్ర, 1997లో బెంగుళూరులో జరిగితే కర్ణాటక, 2001లో పంజాబ్‌లో జరిగితే పంజాబ్. 2002 డిసెంబరులో హైదరాబాదులో జరిగినప్పుడు మొదటి స్థానం మన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే! అయిదు రాష్ట్రాల వాళ్ళకు సరిగ్గా తమ ఇంట పోటీలు జరిగే ఏడాదే బలం వచ్చిందా? కాదు. ఆతిథ్యం ఇచ్చే రాష్ట్రం ముందుగా మైదానాలు కడుతుంది, కోచ్‌లను పెడుతుంది, శిబిరాలు నడుపుతుంది, పెద్ద జట్టును దింపుతుంది. ఆ శ్రద్ధే పతకాలై పట్టికకు ఎక్కుతుంది.

2007 నుంచి కథ మారింది. 2007, 2011, 2015, 2022, 2025 – ఈ అయిదుసార్లూ సర్వీసెస్‌దే మొదటి స్థానం. 2023లో గోవాలో మాత్రం మహారాష్ట్ర దాన్ని దాటింది. సైన్యంలో క్రీడాకారునికి ఉద్యోగం ఉంది, తిండి ఉంది, ఏడాది పొడుగునా శిక్షణ ఉంది. చిన్న వయసులోనే పిల్లలను తీసుకుని తీర్చిదిద్దే బాయ్స్ స్పోర్ట్స్ కంపెనీలున్నాయి. ఆతిథ్య రాష్ట్రం రెండేళ్ళు చూపే శ్రద్ధను వాళ్ళు ప్రతి సంవత్సరం చూపుతారు. అంతే తేడా.

మనకు 2002 క్రీడలు ఏమి మిగిల్చాయి? గచ్చిబౌలి స్టేడియం వంటి మంచి వసతులు మిగిలాయి. వాటి ధర్మమా అని 2003లో ఆఫ్రో–ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు హైదరాబాదుకు వచ్చాయి. సంతోషమే. కానీ కాగజ్‌నగర్ పిల్లకు ఆ ట్రాక్ దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటల ప్రయాణం. రోజూ పొద్దున్నే పోయి పరుగెత్తి రావడానికి అది పక్కవాడ కాదు గదా!

"వెనుకబడిన జిల్లా, మనతో ఏమవుతుంది?" అనేవారికి మణిపూర్‌ను చూపిస్తాను. 2011 జనాభా లెక్కల్లో మణిపూర్ రాష్ట్రం మొత్తం సుమారు 28 లక్షలు. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా 27 లక్షల పైచిలుకు. అంటే ఆ రాష్ట్రమూ, మన పాత జిల్లా ఒక్కటీ ఇంచుమించు సమానం. అక్కడా కొండలే, అడవులే, గిరిజన గూడేలే. 1999లో తమ ఇంట జరిగిన క్రీడల్లో మణిపూర్ మొదట నిలిచింది. అక్కడితో ఆగలేదు, 2007లో గౌహతికి వెళ్ళి సర్వీసెస్ తరువాత రెండో స్థానం తెచ్చుకున్నది. మేరీ కోమ్, మీరాబాయి చాను ఆ నేల బిడ్డలే. అక్కడ వాడవాడకూ క్రీడా క్లబ్బు ఉంటుంది. పిల్ల ఇంటి దగ్గరే ఆట మొదలుపెడుతుంది. రాజధాని స్టేడియం అవసరం ఆ తరువాత వస్తుంది.

మన దగ్గర బలం లేదని ఎవరనగలరు? నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో బాక్సింగ్ స్వర్ణం గెలిచింది. నాతో ఇంటర్ చదివిన ఒక గూడెం అమ్మాయి 800 మీటర్ల పరుగులో మగపిల్లలతో సమానంగా ఉరికేది. జిల్లా పోటీల్లో ఫస్టు వచ్చింది. రాష్ట్ర పోటీలకు పోవాల్సిన రోజు ఛార్జీలు ఎవరిస్తారో తేలలేదు. ఆమె పోలేదు, ఆ తరువాత పరుగెత్తనూ లేదు. ఇటువంటి పేరు ఏ పట్టికలోనూ ఉండదు.

పైగా జాతీయ క్రీడలు అనుకున్న సమయానికి జరగవు. 2015 తరువాత మళ్ళీ 2022లోనే జరిగాయి. ఏడేళ్ళు! పరుగు పందెగాడి మంచి వయసే ఎనిమిది, పదేళ్ళు. అందువల్ల మధ్య మెట్లను వదులుకోరాదు. జిల్లా సంఘం పోటీలు, రాష్ట్ర పోటీలు, జాతీయ ఛాంపియన్‌షిప్ – ఇది ఒక దారి. కళాశాల విద్యార్థులకు మరో దారి ఉంది. అంతర్ కళాశాలల పోటీల్లో రాణిస్తే కాకతీయ విశ్వవిద్యాలయం జట్టు, అక్కడినుంచి అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, ఆపైన 2020లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. ఈ సంగతి తెలియకనే ఎందరో ఆగిపోతున్నారు.

కాబట్టి మన యూనియన్‌కు నా మనవి మూడే మాటలు. క్రీడల నిధిలో కొంత ప్రయాణ ఖర్చులకని వేరుగా ఉంచండి. పోటీల తేదీలు, వయసు నిబంధనలు నోటీసు బోర్డులో ముందే పెట్టండి. కబడ్డీ, ఖోఖో, పరుగులకు పెద్ద సరంజామా అక్కరలేదు గనుక సాయంత్రం పూట మైదానాన్ని చుట్టుపక్కల బడిపిల్లలకు కూడా తెరవండి. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు ఒక్కొక్కరు ఏడాదికి ఒక్క క్రీడాకారుని రైలు ఛార్జీ భరిస్తే చాలు, జిల్లాలో గెలిచినవాళ్ళెవరూ స్టేషన్ దాకా వచ్చి వెనుదిరగరు.