ఫ్రెంచి భాషలో జంట సర్వనామముల వరుస

ఐరోపా భాషలు నేర్చుకొనుటకు ఆంగ్లమే ఏకైక ద్వారమనియు, ఉర్దూ మాధ్యమమునందో తెలుగు మాధ్యమమునందో చదివినవారికి ఆ ద్వారము సగమే తెరచుకొనుననియు మన విద్యార్థులలో ఒక అభిప్రాయము పాతుకొని యున్నది. ఈ అభిప్రాయము సరియైనది కాదని మా నమ్మకము. ఇంటిలో ఒక భాషను, తరగతిలో మరియొక భాషను వినుచు పెరిగిన విద్యార్థికి రెండు భాషలను ప్రక్కప్రక్కన నిలిపి చూచు అలవాటు చిన్ననాడే అబ్బును. ఆ అలవాటు ఎంత విలువైనదో ఫ్రెంచి వ్యాకరణమునందలి ఒక చిక్కుముడిని విప్పి చూపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఫ్రెంచి మనకు బొత్తిగా పరాయి భాష కాదు. తెలుగువారి ఊరైన యానాము 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండెను. అటుపైన పారిస్ నగరమున గార్సాఁ ద తాసీ అను పండితుడు 1828 నుండి ప్రాచ్యభాషా పాఠశాలలో హిందూస్తానీని బోధించి, భారతదేశమున ఒక్కసారియైనను అడుగిడకయే హిందూస్తానీ సాహిత్య చరిత్రను ఫ్రెంచి భాషలో రచించెను. దాని మొదటి సంపుటము 1839లో వెలువడినది. అంత దూరమున నుండి వారు మన భాషను సాధింపగలిగినప్పుడు, వారి భాష మనకు అసాధ్యము కానేరదు.

ఇక విషయమునకు వత్తము. ఒక వాక్యములో రెండు కర్మలుండవచ్చును. "గురువు పుస్తకమును విద్యార్థికి ఇచ్చును" అనునప్పుడు ఇవ్వబడునది పుస్తకము. ఇది ప్రత్యక్ష కర్మ. పుచ్చుకొనువాడు విద్యార్థి; ఇది పరోక్ష కర్మ. ఈ రెండు నామములకును బదులుగా సర్వనామములను వాడినచో తెలుగున "దానిని వానికి ఇచ్చును" అనియు, "వానికి దానిని ఇచ్చును" అనియు ఎట్లైనను చెప్పవచ్చును. అర్థము చెడదు. ఫ్రెంచిలో అట్లు కాదు. అచ్చట వరుస ఒక్కటే. అది తప్పినచో వాక్యమే కాకుండ పోవును.

ఫ్రెంచి ఉచ్చారణను మన లిపిలో పూర్తిగా చూపుట సాధ్యము కాదు. ఈ క్రింద వ్రాసిన "మ, త, స, ల" అనువానిలోని అకారమును పెదవులను కొంచెము గుండ్రముగా చేసి తేలికగా పలుకవలెను. అరసున్న ముక్కుతో పలుకు ధ్వనిని తెలుపును. క్రియకు ముందు నిలుచు సర్వనామముల వరుస ఇది:

మొదటి స్థానము: మ (నన్ను, నాకు), త (నిన్ను, నీకు), స (తన్ను, తనకు), ను (మమ్ము, మాకు), వు (మిమ్ము, మీకు).
రెండవ స్థానము: ల (వానిని, దానిని), లా (ఆమెను, దానిని), లే (వారిని, వానిని).
మూడవ స్థానము: ల్యుయి (ఆయనకు, ఆమెకు), లర్ (వారికి).
నాలుగవ స్థానము: ఇ (అచ్చట, అచ్చటికి).
ఐదవ స్థానము: ఆఁ (దానినుండి, వానిలో కొన్ని).

"ఇల్ మ ల దొన్" అనగా "అతడు నాకు దానిని ఇచ్చును". "ఇల్ ను లే దొన్" అనగా "అతడు మాకు వానిని ఇచ్చును". కాని ప్రథమ పురుష వచ్చుసరికి "ఇల్ ల ల్యుయి దొన్", అనగా "అతడు దానిని ఆమెకు ఇచ్చును". మొదటి రెండు వాక్యములలో పరోక్ష కర్మ ముందు నిలిచినది; మూడవ దానిలో వెనుకకు పోయినది. తరగతిలో విద్యార్థులు తడబడునది ఇచ్చటనే. పట్టికను కంఠస్థము చేసినవారు పరీక్షలో గట్టెక్కుదురు గాని, నోటితో మాటలాడవలసి వచ్చినప్పుడు పట్టిక అక్కరకు రాదు. కారణము తెలిసినచో అక్కరకు వచ్చును.

మొదటి కారణము: ఈ సర్వనామములు మన సర్వనామముల వంటి స్వతంత్ర పదములు కావు. "పుస్తకమును ఎవరికిచ్చెను?" అని అడిగినచో మనము "నాకు" అని ఒక్క మాటతో బదులు చెప్పగలము. ఫ్రెంచివాడు "మ" అని బదులు చెప్పలేడు. "ఆ మ్వా" అను వేరొక రూపమును వాడవలసినదే. "మ, ల, ల్యుయి" మొదలగునవి క్రియను అంటి పెట్టుకొని బ్రతుకును. వానికిని క్రియకును నడుమ వాని వంటివే మరికొన్ని తప్ప మరి యే పదమును దూరలేదు. కనుక వానిని పదములుగా గాక, మన ప్రత్యయముల వంటివిగా భావింపవలెను. "పిల్లలకు" అను మాటలో ముందు బహువచన ప్రత్యయము, పిమ్మట "కు" వచ్చును. "పిల్లకులు" అని ఎవరును అనరు. ఎందుకనరని ప్రశ్నించువారును లేరు. వాక్యములో పదములను అటునిటు జరుపవచ్చును గాని, ఒక పదములోని భాగములను జరుపరాదు. ఫ్రెంచి సర్వనామముల వరుస పదములోని భాగముల వరుస వంటిది. అందులకే అంత కట్టుదిట్టము.

రెండవ కారణము విభక్తికి సంబంధించినది. ఇచ్చటనే మన రెండు భాషలును సాయమునకు వచ్చును. తెలుగున "నన్ను చూచెను", "నాకు ఇచ్చెను" అని రెండు రూపములు కలవు. ఉర్దూలో "ముఝే దేఖా" అన్నను, "ముఝే కితాబ్ దీ" అన్నను "ముఝే" ఒక్కటే. ఫ్రెంచి "మ" కూడ అట్టిదే. "ఇల్ మ వ్వా" అనగా "నన్ను చూచును". "ఇల్ మ దొన్ ల లీవ్ర్" అనగా "నాకు పుస్తకము నిచ్చును". ఉత్తమ, మధ్యమ పురుషలలో ఫ్రెంచి ఉర్దూవలె నడచుచున్నది. ప్రథమ పురుషలో మాత్రము అది తెలుగువలె నడచును. "ల" అనగా "వానిని", "ల్యుయి" అనగా "వానికి". రెండు విభక్తులకు రెండు రూపములు. లాటిన్ భాష నుండి ఫ్రెంచి పుట్టినప్పుడు ప్రథమ పురుష సర్వనామములలో మాత్రమే ఈ భేదము నిలిచినది. మిగిలిన వానిలో చెరిగిపోయినది. విభక్తి భేదము లేని రూపములు ముందు వరుసలో నిలిచినవి. భేదము గల రూపములు వాని వెనుక "ల, ల్యుయి" అను క్రమమున నిలిచినవి. పట్టికలోని మొదటి మూడు స్థానముల మర్మమిదియే.

మూడవ కారణము చరిత్రలో నున్నది. ప్రాచీన ఫ్రెంచిలో అన్ని పురుషలకును ఒకే నియమముండెడిది: ప్రత్యక్ష కర్మ ముందు, పరోక్ష కర్మ వెనుక. నేడు "జ త ల దొన్" (నేను నీకు దానిని ఇత్తును) అను చోట ఆనాటివారు "ల త" అను క్రమమున పలికెడివారు. మధ్యయుగముల చివర నుండి ఉత్తమ, మధ్యమ పురుషల రూపములు మెల్లమెల్లగా ముందునకు జరిగినవి. 1647లో వోజ్‌లా అను వైయాకరణుడు ఫ్రెంచి భాషపై ప్రకటించిన వ్యాఖ్యల గ్రంథములో, పూర్వ రచయితలు పాటించిన "ల వు" అను క్రమమును విడిచి "వు ల" అను క్రమమునే పాటింపవలెనని నిర్దేశించెను. అనగా అప్పటికిని పాతక్రమము పూర్తిగా నశింపలేదన్నమాట. "ల ల్యుయి" మాత్రము కదలక పాతచోటనే ఉండిపోయినది. కాబట్టి మనము అపవాదమని తలచునది నిజమునకు అపవాదము కాదు. అది పాత ఇంటిని విడువని పెద్దల వంటిది. క్రొత్త ఇంటికి తరలినవి "మ, త, ను, వు".

ఈ చరిత్ర తెలిసినచో విధ్యర్థక వాక్యముల చిక్కు కూడ విడిపోవును. "దానిని నాకు ఇమ్ము" అనుటకు ఫ్రెంచిలో "దొన్ ల మ్వా" అందురు. ఇచ్చట సర్వనామములు క్రియకు వెనుక వచ్చినవి. ప్రత్యక్ష కర్మ ముందు నిలిచినది. "మ" అనునది బరువైన "మ్వా"గా మారినది. ప్రాచీన క్రమము ఈ వాక్యములలో నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. కాని "ఇవ్వవద్దు" అని నిషేధించునప్పుడు "న మ ల దొన్ పా" అని మరల సాధారణ క్రమమే వచ్చును. ఆజ్ఞకు పాత వరుస, నిషేధమునకు క్రొత్త వరుస అని గుర్తుంచుకొనవలెను. "ఆఁ" మాత్రము ఆజ్ఞలో సైతము చివరనే నిలుచును: "దొన్ మాఁ" అనగా "అందులో కొంత నాకిమ్ము".

చివరి రెండు స్థానములలో చిక్కు తక్కువ. "ఇ", "ఆఁ" ఎప్పుడును క్రియకు దగ్గరగానే ఉండును. "జ లి మె" అనగా "దానిని అచ్చట ఉంచుదును". "ఇల్ మాఁ దొన్ త్ర్వా" అనగా "వానిలో మూడింటిని నాకిచ్చును". ఈ రెండును కలిసి వచ్చినచో "ఇ" ముందు, "ఆఁ" వెనుక. "ఉన్నవి" అని చెప్పుటకు ఫ్రెంచివారు దినమునకు పలుమారు పలుకు "ఇల్ యాఁ నా" అను మాటలో ఈ క్రమమే కలదు.

వరుస సరిపోయినను కలియరాని జంటలు కొన్ని కలవు. మొదటి స్థానములోని రూపమును, మూడవ స్థానములోని రూపమును ఒకే క్రియకు ముందు ఉంచరాదు. "అతడు ఆమెను నాకు పరిచయము చేయును" అనుటకు "ఇల్ మ లా ప్రెజాఁత్" అనవచ్చును. దానిని త్రిప్పి "అతడు నన్ను ఆమెకు పరిచయము చేయును" అనవలసినచో "మ ల్యుయి" అనుటకు వీలులేదు. "ఇల్ మ ప్రెజాఁత్ ఆ ఎల్" అని ఆమెను క్రియ తరువాత విడిగా చెప్పవలెను. తెలుగున ఈ రెండు వాక్యములును సమానమైన సుళువుతో సాగును. అమెరికను భాషాశాస్త్రవేత్త డేవిడ్ పెర్ల్‌మట్టర్ 1971లో ప్రకటించిన గ్రంథములో ఇట్టి నిషేధములను చర్చించెను. ఫ్రెంచితో చుట్టరికము లేని బాస్కు వంటి భాషలలో కూడ ఇట్టి నిషేధము కానవచ్చుచున్నది. కావున ఇది ఫ్రెంచివారి చాదస్తము కాదు.

విభక్తిని గుర్తించుట వ్రాతలో మరియొక చోట అవసరమగును. "ఉత్తరమును అతడు నాకు వ్రాసినాడు" అనునప్పుడు ఉత్తరమునకు ఫ్రెంచిలో స్త్రీలింగము. దానికి బదులుగా సర్వనామము క్రియకు ముందు వచ్చినచో "ఇల్ మ లా ఎక్రిత్" అని క్రియారూపము కూడ స్త్రీలింగమును ధరించును. లేనిచో "ఎక్రి" అని ఉండెడిది. ఇచ్చట "నాకు" అను పరోక్ష కర్మ క్రియారూపమును ఏ విధముగను మార్చదు. ఏది ప్రత్యక్షమో ఏది పరోక్షమో తెలియనివాడు ఇచ్చట తప్పక పొరబడును.

పుస్తకములలోని ఫ్రెంచికిని వీధిలోని ఫ్రెంచికిని కొంత భేదము కలదు. వేగముగా మాటలాడునప్పుడు "ల ల్యుయి" అనుటకు బదులు "ల"ను మ్రింగివేసి "ల్యుయి" అని మాత్రమే పలుకుదురు. ఈ అలవాటును వోజ్‌లా ఆనాడే తప్పు పట్టెను. ఇన్ని శతాబ్దములైనను అది పోలేదు. వినునప్పుడు అర్థము చేసికొనుటకు ఇది తెలిసి ఉండవలెను. వ్రాయునప్పుడు మాత్రము రెండింటిని వ్రాయవలెను.

ఇక అభ్యాసము మాట. మన విద్యార్థులు ఫ్రెంచి వాక్యమును కూర్చునప్పుడు ముందుగా ఆంగ్లములో తలచి, దానిని ఫ్రెంచిలోనికి మార్చుదురు. ఆంగ్లములో సర్వనామములు క్రియకు తరువాత వచ్చును; కనుక ఆ దారి తప్పుదారి. తెలుగున తలచినచో పని సగమగును. "అతడు – నాకు – దానిని – ఇచ్చును", "ఇల్ – మ – ల – దొన్": మాటకు మాట సరిపోవుచున్నది. "అతడు – దానిని – ఆమెకు – ఇచ్చును", "ఇల్ – ల – ల్యుయి – దొన్": ఇదియును సరిపోవుచున్నది. క్రియ చివర నిలుచు భాషలో పెరిగినవారికి ఈ వాక్యము సహజముగనే తోచవలెను. ఉర్దూ మాటలాడువారికి కూడ క్రియ చివరనే వచ్చును. అదనముగ "ముఝే" అను రూపము "మ" యొక్క స్వభావమును ముందే నేర్పి ఉంచినది.

కాబట్టి మేము సూచించు క్రమమిది. మొదట వాక్యమును మాతృభాషలో చెప్పుకొనవలెను. "ను" చేరినదేదో, "కు" చేరినదేదో గుర్తింపవలెను. "కు" చేరినది నేను, నీవు, మేము, మీరు అనువానిలో ఒకటియైనచో దానిని ముందుంచవలెను. అతడు, ఆమె, వారు అయినచో వెనుక ఉంచవలెను. "ల" నడుమనున్న రాట వంటిది. దానికి ఇరుప్రక్కల ఎవరు నిలుతురో తెలిసిన చాలును. దినమునకు పది వాక్యముల చొప్పున పైకి చదివినచో అనతికాలముననే నాలుక తనంతట తాను దారి పట్టును.

మన కళాశాలలో ఫ్రెంచి నేర్వగోరు విద్యార్థినీ విద్యార్థులు తమ ఇంటి భాషను అడ్డంకిగా తలపరాదని మా మనవి. పరభాషలోని ప్రతి వింతకును మన భాషలలో ఎచ్చటనో ఒక జాడ కనబడును. ఆ జాడను వెదకువానికి రెండు లాభములు: పరభాష వశమగును, మాతృభాష యొక్క నిర్మాణము మొదటిసారిగా కన్నులకు కట్టును. "నన్ను", "నాకు" అని నిత్యము పలుకుచు ఆ భేదమును ఎన్నడును గమనింపని మనకు, దానిని పోగొట్టుకొనిన ఒక భాషయే దాని విలువను తెలుపుచున్నది.