ముప్పై ఆరు ఫొటోల ప్రయాణం

సంక్రాంతికి అందరూ సొంత ఊళ్లకు వస్తుంటే మా ఇంటివారము ఊరు విడిచి బయలుదేరుతాము. కారణం మీకు తెలిసినదే. డిసెంబరు మొదలుకొని కొత్త సంవత్సరపు ఆరాధన ముగిసే వరకు సేవకుని కుటుంబానికి తీరిక ఉండదు. అటు తర్వాతనే మేము మా పిల్లలకు దొరుకుతాము. 2024 సంక్రాంతి సెలవులలో అలా దొరికిన మూడు రోజులు అరకు లోయకు వెళ్లివచ్చాము. బావమరిది కారు ఇచ్చాడు. మేమిద్దరము, తొమ్మిదవ తరగతి చదివే బాబు, ఆరవ తరగతి పాప, మా అమ్మగారు, మొత్తం ఐదుగురము.

ముందు రోజు రాత్రి సంచులు సర్దుతుండగా మా పాప ఒక మాట అన్నది. "నాన్నా, పోయినసారి ఫోనుతో నాలుగు వందల ఫొటోలు తీశాము. ఒక్కటైనా మళ్లీ చూశామా? ఈసారి తాతగారి కెమెరా తీసుకెళదాం." ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. నిజమే, ఆ నాలుగు వందలూ ఫోనులోనే ఉండి, ఫోను పాడైనప్పుడు దానితోనే పోయాయి.

బీరువా పైఅరలోనుండి కెమెరా దిగింది. అది యాషికా కంపెనీది. కువైట్‌లో పనిచేసిన మా పిన్నిగారు 1994లో తెచ్చి మా నాన్నగారికి ఇచ్చారు. మీట లాగితే ఫిల్ము ఒక గడి జరుగుతుంది, మీట నొక్కితే ఒక ఫొటో పడుతుంది. అందులో అంతకంటే మాయ ఏమీ లేదు. ఫిల్ము ఇంకా తయారవుతూనే ఉన్నది. అయితే ధర పాతది కాదు. రీలు కొని, కడిగించి, స్కాను చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటుతుంది. కాబట్టి ముప్పై ఆరు ఫొటోల రీలు ఒక్కటే కొన్నాము. మూడు రోజులకు ముప్పై ఆరు, అంటే రోజుకు పన్నెండు. పాప ఒక నోటుపుస్తకంలో ఒకటి నుండి ముప్పై ఆరు వరకు అంకెలు వేసుకొన్నది.

పాత కథ ఒకటి

ఆ కెమెరా బయటకు తీసేసరికి మా అమ్మగారు ఏమీ మాట్లాడకుండా వంటింటిలోకి వెళ్లిపోయారు. ఎందుకో చెప్పాలంటే ముప్పై ఏళ్లు వెనుకకు వెళ్లాలి.

1994 దసరా సెలవులలో నాన్నగారు మమ్మల్ని అరకుకే తీసుకువెళ్లారు. మాకప్పుడు పదమూడేళ్లు. మొదటి రీలు దారిలోనే అయిపోయింది. ఘాటు రోడ్డు మీద కారు టైరు పంక్చరైంది. నాన్నగారు డ్రైవరుకు సాయం చేస్తూ రెండో రీలు అమ్మ చేతికిచ్చి వేయమన్నారు. అంతకుముందు స్టూడియో ఆయన వేస్తుంటే ఆమె చూశారు గనుక అలాగే వేశారు. బొర్రా గుహల వాకిలి, అరకు సంత, రైలు స్టేషను అన్నీ తీశాము. లెక్క ముప్పై ఆరు దాటినా మీట ఇంకా కదులుతూనే ఉన్నది. "చూశారా, నలభై వచ్చాయి! కొట్టువాడు మంచివాడు" అని నాన్నగారు సంబరపడ్డారు.

వారం తర్వాత స్టూడియో ఆయన కడిగిన ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించాడు. గాజుముక్కవలె తెల్లగా ఉంది. ఒక్క బొమ్మ పడలేదు. "నలభై ఫొటోలు నీళ్లపాలు చేశావు గదా" అన్నారు నాన్నగారు. అది ఒక్కరోజు మాట కాలేదు. చుట్టాలు వచ్చినప్పుడెల్లా ఆ కథ చెప్పేవారు, అందరూ నవ్వేవారు. అందులో కోపం లేదు, హాస్యమే. కాని అమ్మగారు మళ్లీ ఎన్నడూ కెమెరా ముట్టుకోలేదు. 2011లో నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. ఆ కథ మాత్రం మా ఇంటిలో మిగిలిపోయింది.

అనంతగిరి దగ్గర

తెల్లవారుజామున ప్రార్థన చేసుకొని బయలుదేరాము. గోదావరి వంతెన దగ్గర సూర్యోదయం తీశాము. అనకాపల్లి దాటాక చింతచెట్టు కింద పులిహోర తింటూ ఒకటి. శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కుతుంటే మంచులోనుండి కొండలు కనబడ్డాయి, అక్కడ రెండు. పాప ప్రతిదీ రాసుకొంటున్నది. ముప్పై ఆరే గనుక ఆగిన ప్రతిచోటా కారులో చర్చ జరిగేది. ఇది తీయాలా, వద్దా? ఎవరు నిలబడాలి? ఫోనుతో ప్రయాణించిన రోజులలో మాలో మేము ఇంతగా మాట్లాడుకొన్నది లేదు.

అనంతగిరిలో కాఫీ తోటల దగ్గర ఆగాము. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు అల్లుకొని, వాటి నీడలో కాఫీ మొక్కలు ఉన్నాయి. పన్నెండవ ఫొటో కోసం మీట లాగుతుండగా వెనుకనుండి అమ్మగారి గొంతు వినబడింది.

"బాబూ, ఆ ఎడమ పక్క బిళ్ల తిరగడం లేదు."

చూస్తే నిజమే. ఫిల్ము లోపల జరుగుతుంటే, మీట లాగినప్పుడెల్లా ఎడమవైపు చుట్టే పిడి కూడా తిరగాలి. అది కదలడం లేదు. అంటే ఫిల్ము కొస కుడివైపు ఇరుసుకు పట్టుకోలేదు. అంకెలు మాత్రమే జరుగుతున్నాయి. పదకొండు ఫొటోలూ పడనే లేదు.

ఇక్కడ మా తప్పు దాచకుండా చెప్పాలి. మొదట మా నోటికి వచ్చినది బాబు పేరు. "కెమెరా ఎవరు కదిపారు? నువ్వేగా దారంతా పట్టుకొన్నది?" అనేశాము. వాడు బిత్తరపోయాడు. రీలు వేసినది వాడు కాదు, మేమే. వేసేటప్పుడు "మాకు తెలుసులే" అని ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు కూడా.

అమ్మగారిని అడిగాము, "నీకు ఆ సంగతి ఎలా తెలుసమ్మా?" అని. ఆమె నెమ్మదిగా చెప్పారు. ఆ సంవత్సరమే, ఎవరికీ చెప్పకుండా, ఒకరోజు స్టూడియోకు వెళ్లి ఆయనను అడిగారట, తన వల్ల జరిగిన తప్పు ఏమిటని. ఆయన ఖాళీ కెమెరా తెచ్చి, ఫిల్ము ముక్క వేసి చూపించాడట.

"మరి నాన్నగారికి చెప్పలేదా?"

"చెప్పనిస్తేగా! కథ మొదలు పెట్టగానే అందరూ నవ్వేవారు. మీరూ నవ్వేవారు."

మాకు నోట మాట రాలేదు. ప్రతి ఆదివారము పదిమందికి క్షమాపణ గురించి చెప్పే మేము, మా ఇంటిలో ముప్పై ఏళ్లుగా ఒకరి మీద నవ్వుతున్నామని గ్రహించలేదు. అక్కడే, పిల్లల ఎదుటనే, ముందు బాబును, తర్వాత అమ్మను క్షమించమని అడిగాము. అమ్మగారు "సరేలే, చీకటి పడితే ఘాటు కష్టం, ఆ రీలు సరిగా వేయి" అన్నారు. మేము వేయలేదు. కెమెరా ఆమె చేతికే ఇచ్చాము.

నీడలో మూత తెరిచి, ఫిల్ము కొసను ఇరుసు చీలికలో దూర్చి, మీట ఒకసారి లాగి, రెండు అంచుల రంధ్రాలూ పళ్లకు పట్టుకొన్నాయని చూసి, అప్పుడు మూత వేశారు. ఎడమ పిడిని మెల్లగా బిగించి మళ్లీ మీట లాగారు. పిడి తిరిగింది! పిల్లలు చప్పట్లు కొట్టారు. ఫిల్ము జరగలేదు గనుక అది పాడు కాలేదు, ముప్పై ఆరూ మాకు మిగిలే ఉన్నాయి. మొదటిది ఆమెనే తీయమన్నాము.

మేము నేర్చుకొన్నవి

మీ ఇంటిలోనూ పాత కెమెరా ఉంటే పనికి వచ్చే మాటలు కొన్ని చెబుతాము.

బయలుదేరకముందే కెమెరా వెనుక మూత తెరిచి చూడండి. పాత బ్యాటరీ కారి తుప్పు పట్టి ఉండవచ్చు. ఫిల్మును ఎండలో నిలిపిన కారులో వదలవద్దు. వేడికి రంగులు చెడిపోతాయి. బట్టల సంచి మధ్యలో పెట్టండి. 200 వేగం గల ఫిల్ముకు మంచి ఎండలో 16 నంబరు రంధ్రము, సెకనులో 250వ వంతు సరిపోతాయి. వెలుగు తగ్గినకొద్దీ రంధ్రము పెద్దది చేయాలి.

బొర్రా గుహలలో మేము కెమెరా సంచిలో పెట్టేశాము. మా కెమెరాకు ఫ్లాషు లేదు. ఉన్నా చిన్న ఫ్లాషు వెలుగు పది, పన్నెండు అడుగులు దాటదు. ఆ సున్నపురాతి గుహలను కళ్లతోనే చూశాము. అదీ మంచిదే అయింది. బాబు నాయనమ్మ చెయ్యి పట్టుకొని మెట్లు దింపాడు.

గల్ఫ్ దేశాలనుండి విమానంలో వచ్చే బంధువులు మీ కోసం ఫిల్ము తెస్తుంటే, పెద్ద పెట్టెలో వేయవద్దని చెప్పండి. అక్కడి ఎక్స్‌రే కిరణాలు కడగని ఫిల్మును పాడుచేస్తాయి. చేతిసంచిలో తెచ్చి, వీలైతే చేతితో తనిఖీ చేయమని అడగాలి. రోడ్డు ప్రయాణంలో ఆ బాధ లేదు.

చిన్న పట్టణాలలో ఫిల్ము కడిగేవారు ఇప్పుడు దాదాపు లేరు. పెద్ద నగరంలోని ల్యాబుకు కొరియరులో పంపాము. నెగెటివులు తప్పక తిరిగి తెప్పించుకోండి. పొడిచోట దాచితే మీ మనుమలు కూడా వాటినుండి ప్రింట్లు వేయించుకోవచ్చు.

కవరు వచ్చిన రోజు

మూడు వారాలకు కవరు వచ్చింది. అందరము చాపమీద కూర్చున్నాము. పాప నోటుపుస్తకం తెరిచి ఒక్కొక్క అంకె చదువుతుంటే బాబు ఫొటో వరుసలో పెట్టాడు. తొమ్మిది మసకగా వచ్చాయి, ఇరవై ఏడు బాగున్నాయి. పడని పదకొండు ఫొటోల పేర్లను పాప కొట్టివేయలేదు. గోదావరి సూర్యోదయము, చింతచెట్టు కింద పులిహోర, అన్నీ చదివింది. వాటి గురించే ఎక్కువసేపు మాట్లాడుకొన్నాము.

అమ్మగారు తీసిన మొదటి ఫొటోలో మేము నలుగురము కాఫీ తోట ముందు కొంచెం వంగిన గట్టుమీద ఉన్నాము. ఎండ ఆమె వెనుకనుండి పడినందున, మా కాళ్ల దగ్గరి వరకు ఆమె నీడ కూడా వచ్చింది. పిల్లలు దానినే పెద్దది చేయించి ముందుగదిలో పెట్టించారు.

ఇప్పుడు చుట్టాలు వస్తే ఆ ఫొటో చూసి ఎవరు తీశారని అడుగుతారు. అమ్మగారు అనంతగిరి కథ తానే చెబుతారు. రీలు సరిగా వేయనిది ఎవరో కూడా చెబుతారు. అందరూ నవ్వుతారు. ఈసారి నవ్వు మామీద. మాకది బాగానే ఉంది.

చదువరులారా, మీ ఇంటిలో కూడా ఇటువంటి పాత హాస్యకథ ఒకటి ఉండవచ్చు. అది ఎవరిమీద చెబుతున్నారో, వారు నిజంగా నవ్వుతున్నారో లేదో ఒకసారి చూడండి.