తాలును పట్టించే ఉప్పునీళ్లు

నారు పోసే ముందు విత్తన వడ్లను నీళ్లలో పోసి, తేలిన తాలును తీసిపారేయడం మావైపు ప్రతి రైతుకూ అలవాటే. చాలామంది అంతటితో ఆపేస్తారు. అందుకే వరి పండే ఊళ్లో సైన్సు టీచర్నైన నేను, సాంద్రత పాఠం వచ్చిందంటే పిల్లల్ని ఇంటి నుంచి గుప్పెడు వడ్లు తెమ్మంటాను.

మొదట ఒక కమలాపండు బకెట్లో వేస్తాను. తేలుతుంది. తొక్క వలిచి వేస్తే మునుగుతుంది. బరువు తగ్గాక మునిగిందేమిటని పిల్లలు నిలదీస్తారు. మందపాటి తొక్కలో గాలి ఉంటుంది. దాని బరువు కొంచెమే, అది ఆక్రమించే చోటు ఎక్కువ. ఎంత బరువు ఎంత చోటులో ఇమిడిందో చెప్పే లెక్కే సాంద్రత. మిల్లీలీటరు మంచినీళ్లు ఒక గ్రాము తూగుతాయి. అంతే చోటులో అంతకన్నా ఎక్కువ తూగేది మునుగుతుంది, తక్కువ తూగేది తేలుతుంది. ద్రవం మారితే ఫలితమూ మారుతుంది: నీళ్లలో తేలే ఐసుముక్క కిరోసిన్‌లో మునిగిపోతుంది.

ఇక వడ్ల సంగతి. పొట్టు లోపల బియ్యపు గింజ నిండకపోతే ఆ ఖాళీలో గాలి మిగులుతుంది. ఉత్త తాలు మంచినీళ్లలోనే తేలుతుంది. సగం పాలుపోసుకున్న గింజ నీటికన్నా కాస్త చిక్కన కాబట్టి మునిగి, గట్టి గింజల్లో కలిసిపోతుంది. దాన్ని పైకి రప్పించాలంటే నీళ్ల సాంద్రత పెంచాలి. అందుకే ఉప్పు. 1882లో జపాన్‌లో యోకోయి తొకియోషి అనే వ్యవసాయ శాస్త్రవేత్త ఈ పద్ధతిని రూపొందించారు. అక్కడ మామూలు వరికి 1.13 సాంద్రత ఉన్న ఉప్పునీరు వాడతారు.

సాంద్రత కొలిచే పరికరం లేకపోతే కోడిగుడ్డు చాలు. ముందు మంచినీళ్లలో వేసి చూడండి, తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది. నిల్వ ఉన్నకొద్దీ గుడ్డులో తేమ తగ్గి గాలి అర పెరుగుతుంది. అలాంటిది పైకి లేస్తుంది, ఈ పనికి పనికిరాదు. పది లీటర్ల నీళ్లకు సుమారు కిలోన్నర ఉప్పు పడుతుంది. కొంచెం కొంచెంగా కలుపుతూ, గుడ్డు తేలి రూపాయి బిళ్లంత మేర పైకి కనిపించగానే ఆపండి.

గుడ్డు తీసి వడ్లు పోసి చేత్తో బాగా కలపాలి. పొట్టుకు అంటుకున్న గాలి బుడగలు వదలకపోతే మంచి గింజ కూడా తేలుతుంది. తేలినవి తీసేసి, అడుగున మిగిలినవాటిని వెంటనే రెండు మూడుసార్లు మంచినీళ్లలో కడగాలి. ఉప్పు మిగిలితే మొలక దెబ్బతింటుంది. ఆ తర్వాతే నానబెట్టి మండె కట్టాలి. ఆ ఉప్పునీళ్లను నారుమడిలో మాత్రం పోయకండి.

ఇంత శ్రమ ఎందుకంటే, వేరు పారి ఆకు విచ్చుకుని సొంతంగా తిండి తయారుచేసుకునేదాకా మొలకకు గింజలోని పిండే ఆహారం. నిండు గింజ నుంచి వచ్చిన నారు మొదటి రోజు నుంచే పుష్టిగా లేస్తుంది. పిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టే సూత్రం వాళ్ల నాన్న నారుమడికి పనికొస్తుంది. ఈసారి విత్తనం నానబెట్టే రోజున వాళ్లను బడి పుస్తకంతో సహా దగ్గర కూర్చోబెట్టుకోండి, గుడ్డును వాళ్ల చేతికే ఇవ్వండి.