అణు వ్యర్థము – అగ్నిశిల – వేడినీరు

అణువిద్యుత్తు అనగానే మనము వెలుగు దీపములను గూర్చి తలంచుదుము గాని, వెలిగిన పిదప మిగులు మసిని గూర్చి తలంపము. రియాక్టరునందు వాడిన ఇంధనమే ఆ మసి. అందలి సీజియం-137 అర్ధాయువు 30 సంవత్సరములు. ప్లుటోనియం-239 అర్ధాయువు 24,100 సంవత్సరములు. అనగా అంత కాలమునకు అది సగము మాత్రమే తరుగును. ఏ ప్రభుత్వమును, ఏ కావలివాడును అంతకాలము నిలువజాలరు. కనుకనే శాస్త్రజ్ఞులు ఈ కావలి పనిని కొండకు అప్పగింపదలచిరి. అయితే వేడినీరు తగిలిన కొండ తన గుణమును మార్చుకొనకుండునా? ఈ ప్రశ్ననే మేమిచట విచారింపబూనితిమి.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలోని నెవాడా రాష్ట్రమునందలి యుక్కా పర్వతము. 1987లో ఆ దేశపు కాంగ్రెసు ఈ ఒక్క స్థలమునే పరిశీలింపవలెనని శాసించెను. సుమారు 1 కోటి 28 లక్షల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతము గ్రక్కిన బూడిద తన వేడిమికే అతుకుకొని రాయియైనది. ఇట్టి రాతిని టఫ్ అందురు. వ్యర్థమునుంచు సొరంగములు నేలకు సుమారు 300 మీటర్ల లోతున, భూగర్భజల మట్టమునకు సుమారు 300 మీటర్ల పైన ఉండునట్లు పథకము వేసిరి. అది ఎడారియే, అయినను రాతి సూక్ష్మరంధ్రములలో కొంత నీరు దాగియున్నది. సమస్త చర్యలకును ఆ నీరే మూలము.

వాడిన ఇంధనము చల్లారిన బూడిద కాదు. అది ఆరని పొయ్యి వంటిది. ఆ ఎత్తున నీరు సుమారు 96 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగును. సొరంగము చుట్టునున్న నీరు ఆవిరియై పగుళ్ల వెంట దూరముగా పోయి, చల్లని రాతిని తాకి మరల నీరగును. ఇది బట్టీ పట్టిన నీటివలె ఖనిజములు లేనిది. కనుక రాతిలోని సిలికాను కరగించుకొని క్రిందికి దిగును. వేడి రాతిని చేరి మరల మరుగునపుడు సిలికాను అచటనే విడిచిపోవును. గట్టినీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మన ఇండ్లలో చూచుచున్నాము. ఆ పొర సున్నపుది, ఇది సిలికాది. కట్టు విధము ఒక్కటే. ఇట్లు పగుళ్లు పూడుకొనిన నీటి రాక తగ్గవచ్చును. లేదా ఆ నీరు పైన నిలిచి, మరియొక పగులు వెదకుకొని ఒక్కచోటనే దిగనూవచ్చును. ఒకే చర్య మేలును చేయగలదు, కీడును చేయగలదు.

రెండవ మార్పు జియోలైట్ అను ఖనిజమునకు సంబంధించినది. 1756లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు క్రాన్‌స్టెడ్ ఈ పేరు పెట్టెను. వేడిచేసినపుడు నీటిని వెడలగ్రక్కుచు పొంగునది గనుక, గ్రీకు భాషలో దీనికి మరుగురాయి అని అర్థము. యుక్కా పర్వతపు క్రింది పొరలలో, అగ్నిపర్వతపు గాజు పూర్వమెన్నడో నీటితో చర్య జరిపి క్లినాప్టిలొలైట్ అను జియోలైటుగా మారినది. దాని కట్టడము పంజరము వంటిది. తనలోని సోడియమును విడిచి, నీటిలో వచ్చు సీజియమును, స్ట్రాన్షియమును పట్టి యుంచును. అనగా ప్రాచీన కాలపు నీరే ఈ కొండకు కావలివానిని సమకూర్చినది.

అయితే అధికమైన వేడిమి ఈ కావలివానిని బలహీనపరచును. నీటిని కోల్పోయిన జియోలైట్ ముడుచుకొనును. దానివలన రాతిలో క్రొత్త పగుళ్లు ఏర్పడవచ్చును. వేడిమియు తేమయు చిరకాలము కలిసియున్నచో క్లినాప్టిలొలైట్ క్రమముగా అనాల్సైమ్‌గా మారును. దాని దారులు ఇరుకైనవి. సీజియమును అది అంతగా పట్టజాలదు. పైగా టెక్నీషియం వంటి పదార్థములు ఋణావేశముతో కరగి ప్రయాణించును గనుక జియోలైట్ ఎంత బలముగా ఉన్నను వానిని ఆపజాలదు. మొదటి శతాబ్దముల వేడిమి రాతికి చేయు మార్పులు, వేడిమి తగ్గిన పిదపను నిలిచియుండును. దీర్ఘాయువు గల విషములను కాపాడవలసినది అట్లు మారిన రాయియే.

దీనిని పరీక్షించుటకై 1997 డిసెంబరు మొదలు 2002 జనవరి వరకు ఆ కొండలో సుమారు 47 మీటర్ల సొరంగమును విద్యుత్ హీటర్లతో కాచిరి. గోడలు సుమారు 200 డిగ్రీల వరకు వేడెక్కెను. కాని నాలుగేండ్ల పరీక్ష వేల ఏండ్లకు సాక్ష్యము చాలదు గదా! అందుచేత ప్రకృతి చేసిన పరీక్షలను గూడ చూడవలెను. మన దక్కను నల్లరాతి పొరలు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటివి. వాని కుహరములలో నీరు పెంచిన జియోలైట్ స్ఫటికములు పూనా, నాసిక్ ప్రాంతములందు లోకప్రసిద్ధములు. ఇట్టి రాళ్లలో నీరు ఏ వేడిమిలో ఏ ఖనిజమును కట్టినదో చదువవచ్చును.

ఈ జ్ఞానము పథకమును మార్చినది. సొరంగముల నడుమ 81 మీటర్ల ఎడము విడువ నిర్ణయించిరి. అట్లయిన నడిమి రాయి మరుగు స్థాయికి చేరదు. నీరు దాని గుండా క్రిందికి జారిపోగలదు. 2008లో అనుమతికై దరఖాస్తు చేసిరి. 2010లో ప్రభుత్వము దానిని ఉపసంహరింపబూనెను. 2011లో ధనము నిలిచిపోయెను. వ్యర్థమేదియు ఆ కొండను చేరలేదు. దక్షిణమున అమర్గోసా లోయలోని ప్రజలు బావినీటితో జీవించుచున్నారు. కొండ క్రింది భూగర్భజలము ప్రవహించునది ఆ వైపునకే.

మన దేశమున అత్యధిక రేడియోధార్మికత గల ద్రవవ్యర్థమును తారాపూర్, ట్రాంబే, కల్పక్కములలో గాజుగా మార్చుచున్నారు. అగ్నిపర్వతపు గాజును మార్చిన వేడినీరు మనిషి చేసిన గాజును మాత్రము విడుచునా? రసాయన, భూగర్భ శాస్త్రములను అభ్యసించు మన విద్యార్థులకు ఇది చేతికందిన ప్రశ్న. ఒకరు నమ్మి అప్పగించిన సొత్తును ఉర్దూలో అమానత్ అందురు. ఇంకను పుట్టని వారి నీరు మన చేతిలోని అమానత్. దానిని కొండకు అప్పగించుటకు ముందు, ఆ కొండ ఎంత వేడిమిని ఓర్వగలదో తెలిసికొనుట మన విధి.