అతిశీతల ప్రాంతాల్లో డీజిల్ కార్లు: ఇంజన్ మొరాయించడానికి కారణాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు

శీతాకాలంలో లద్దాఖ్‌లోని ద్రాస్ వంటి ప్రాంతాలలో రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు, కొన్ని రోజులలో అంతకంటే దిగువకు పడిపోతుంది. తెల్లవారుజామున రోగిని ఆసుపత్రికి తరలించవలసిన వాహనం కదలకపోతే మరో సహాయం వెంటనే అందే అవకాశం అక్కడ తక్కువ. ఈ ఇబ్బంది పెట్రోలు కార్ల కంటే డీజిల్ కార్లకే అధికం.

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనాన్ని స్పార్క్ ప్లగ్ వెలిగిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ ఏర్పాటు లేదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ సుమారు 16 నుంచి 20వ వంతుకు కుదించినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. లోహం అతిగా చల్లబడి ఉంటే ఆ వేడిలో చాలా భాగాన్ని సిలిండర్ గోడలే పీల్చుకుంటాయి. ఇంజన్ ఆయిల్ చిక్కబడి క్రాంక్ షాఫ్ట్ మందంగా తిరగడంతో కుదింపులోని గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది. దాదాపు 3,500 మీటర్ల ఎత్తున గల లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కావడం సమస్యను మరింత పెంచుతుంది.

ఈ లోటును పూడ్చేందుకే గ్లో ప్లగ్‌లను అమర్చుతారు. తాళంచెవి తిప్పగానే డ్యాష్‌బోర్డుపై చుట్టతీగ ఆకారంలో వెలిగే దీపం వీటికి గుర్తు. దీపం ఆరిన తరువాతనే స్టార్టర్ వాడవలెను. తీవ్రమైన చలిలో ఈ వేడిచేసే ప్రక్రియను రెండుసార్లు జరిపించడం మేలు. క్లచ్ నొక్కి ఉంచితే గేర్‌బాక్స్‌లో గడ్డకట్టిన నూనె భారం స్టార్టర్‌పై పడదు. ఒక్కసారికి 10 సెకన్లకు మించి తిప్పక, నిమిషం పాటు విరామమివ్వాలి. మైనస్ 18 డిగ్రీల వద్ద బ్యాటరీ సామర్థ్యం దాదాపు సగానికి తగ్గుతుంది కనుక తొందరపాటు ఉన్న కాస్త శక్తినీ హరిస్తుంది.

ఇంజన్ అంటుకుని కొద్ది నిమిషాలకే ఆగిపోతే లోపం సాధారణంగా ఇంధనంలో ఉంటుంది. డీజిల్‌లో సహజంగా ఉండే పారాఫిన్ మైనం చలికి పలుకులు కట్టి ఫిల్టర్‌ను మూసివేస్తుంది. గొట్టాలలో మిగిలిన డీజిల్‌తో కాసేపు నడిచిన ఇంజన్ ఆపై ఆగుతుంది. భారత ప్రమాణాల ప్రకారం సాధారణ డీజిల్ ఫిల్టర్ గుండా ప్రవహించగలదన్న హామీ వేసవి సరకుకు 18 డిగ్రీల వరకు, శీతాకాలపు సరకుకు 6 డిగ్రీల వరకు మాత్రమే. మైదాన ప్రాంతంలో ట్యాంకు నింపుకొని కొండలెక్కే వారు, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల నుంచి సొంత కార్లలో వెళ్లేవారు, గమనించవలసిన విషయమిది. మైనస్ 33 డిగ్రీల వద్ద కూడా ప్రవహించే శీతాకాలపు ప్రత్యేక డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో లద్దాఖ్‌లో ప్రవేశపెట్టింది. పానిపట్ రిఫైనరీలో ఇది తయారైంది. ట్యాంకులో పాత డీజిల్ తగ్గిన తరువాత దీనిని నింపుకుంటేనే పూర్తి ప్రయోజనం. మైనం కట్టకుండా కలిపే రసాయనాలను సైతం ముందుగానే వాడాలి. గడ్డకట్టిన తరువాత అవి దాదాపు నిష్ప్రయోజనం.

ట్యాంకు కింద, ఆయిల్ సంపు కింద మంట పెట్టే అలవాటు కొండదారుల్లో ఎప్పటినుంచో ఉంది. అది అగ్నిప్రమాదాన్ని కోరి తెచ్చుకోవడమే. కిరోసిన్ కలపడం పాత ఇంజన్లలో చెల్లినా, డీజిల్‌తోనే కందెన పొందే నేటి కామన్ రైల్ పంపులను అది అరగదీస్తుంది. గ్లో ప్లగ్‌లున్న ఇంజన్‌లోకి ఈథర్ స్ప్రే కొడితే సమయానికి ముందే పేలి పిస్టన్లు దెబ్బతినవచ్చు. ఇంజన్ ఆగిపోతుందన్న భయంతో మూసివున్న గ్యారేజీలో రాత్రంతా నడిపి ఉంచరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు.

ఆయిల్ ఎంపికలో 15డబ్ల్యూ-40కి బదులు, తయారీదారు అనుమతించిన పక్షంలో, 5డబ్ల్యూ లేదా 0డబ్ల్యూ శ్రేణి చలికి అనుకూలం. లంబసింగి వంటి మన ఏజెన్సీ ప్రాంతాలలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు చేరినా ఇన్ని ఏర్పాట్లు అవసరం ఉండవు. మంచి బ్యాటరీ, పనిచేసే గ్లో ప్లగ్‌లు ఉంటే సరిపోతుంది.